కొలతల క్లాసు

పొద్దున్నే మిషను సూది విరిగింది. టైలరమ్మ విసుక్కుంటూ చక్రం ఆపి, విరిగిన ముక్క కోసం నేల తడమసాగింది. ముందుగది నిండా స్కూలు యూనిఫాంలు. ఆ గుట్ట మధ్యలో కూతురు, టిఫిను పళ్ళెం పక్కకు నెట్టేసి, ఒక స్కర్టు అంచు విప్పి మళ్ళీ కుడుతోంది.

వీధి మొత్తానికి ఆమె టైలరమ్మ. కూతురు గుండీ. చంటిపిల్లగా మిషను కింద పాకుతూ ఒక కోటు గుండీ మింగేసి ఇంటిల్లిపాదినీ ఆస్పత్రికి పరిగెత్తించింది. ఆ గుండీ మర్నాడే బయటపడింది గానీ పేరు మాత్రం వదల్లేదు.

"ఒసేయ్, స్కూలు టైమవుతుంటే ఆ సూది నీకెందుకే?"

"నువ్వు కుట్టింది వంకరగా ఉందమ్మా."

"నాకే వంక పెడుతున్నావూ?"

"వంక నేను పెట్టలేదు. నువ్వే పెట్టావు, చూడు."

టైలరమ్మ చూసింది. నిజంగానే వంకర. కూతురు వేసిన కుట్లు మాత్రం చీమల బారులా ఒక్క తీరున సాగిపోతున్నాయి. ఇంకో తల్లయితే మురిసిపోయేది. ఆమె మాత్రం ఆ స్కర్టు లాక్కుని పక్కన పడేసింది.

"అమ్మా, ఇవాళ మేం ఎంచుకున్న సబ్జెక్టు చెప్పాలి. పెద్దవాళ్ళెవరైనా ఆఫీసుకొచ్చి చెప్పాలట. ఈ యూనిఫాంలు ఇవ్వడానికి ఎలాగూ వస్తావు కదా, డ్రెస్ డిజైనింగ్ అని చెప్పెయ్."

"డిజైనింగా? పేరు మార్చినంత మాత్రాన కుట్టుపని కుట్టుపని కాకుండా పోతుందా? ఈ సూది బతుకు నాతో ఆగిపోవాలే. జాగ్రఫీలో క్లాసు మొత్తం మీద నీకే ఎక్కువ మార్కులు..."

"మార్కులు రావడం వేరు, మనసు పోవడం వేరమ్మా."

లోపల్నుంచి భర్త పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గొడవల్లో ఏ అంతస్తులోనూ ఆగని మనిషి.

"మీరైనా చెప్పండి దానికి," అంది ఆమె.

"దాని చదువు, దానిష్టం. నాకు పైకీ కిందికీ తప్ప వేరే దిక్కులు తెలీవు. నన్ను జాగ్రఫీలోకి లాగకండి," అంటూ చెప్పులేసుకుని జారుకున్నాడు.

గుండీ తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. "చెప్తావు కదూ? డ్రెస్ డిజైనింగ్ అని. ఒట్టు?"

టైలరమ్మ కొత్త సూది బిగించుకుంటూ, "ఒట్టెందుకే? అమ్మ మాట చాలదా నీకు?" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు.

* * *

స్టాఫ్‌రూములో జాగ్రఫీ టీచరు కొత్త కోటు తొడుక్కుని, జేబుల్లోకి చేతులు దూర్చి పెదవి విరిచింది.

"జేబు చాలదమ్మా. దిక్సూచి పడుతుంది, టేపు పట్టదు. ఇంకాస్త లోతుగా ఉండాలి."

"మీరు కోటుకి జేబులు కుట్టమన్నట్టు లేదు టీచరుగారూ, జేబులకి కోటు కుట్టమన్నట్టుంది."

టీచరు పకపకా నవ్వింది. "ఏం చెయ్యను మరి? పిల్లల్ని వాగు గట్లకీ, క్వారీలకీ తిప్పాలి. రాళ్ళు ఏరుకొస్తారు, అన్నీ నా జేబుల్లోనే పోస్తారు. ఇంతా చేస్తే స్కూలు వాళ్ళు ఇచ్చింది ఒక్క వ్యాను. వ్యానులో పట్టినంతమందే నా క్లాసు. ఇక ఒక్క సీటే ఉంది. అది కూడా మీ అన్నగారబ్బాయి కోసం ఆగింది."

చంకలో గుర్తు పెడుతున్న టైలరమ్మ చేతిలో సుద్దముక్క ఆగింది.

"మా అన్నయ్య కొడుకా?"

"ఆ అబ్బాయే. పాపం, రోజూ మా గది గుమ్మంలో నిలబడి గోడల మీద పటాలు చూసి పోతుంటాడు. వాళ్ళ నాన్న మధ్యాహ్నం వచ్చి చెబుతానన్నాడట. ఇంట్లో ఇప్పట్నుంచే సంబరం. ట్రావెల్స్ వాళ్ళ అబ్బాయికి జాగ్రఫీ కాక ఇంకేం కావాలి?"

సుద్దముక్క మళ్ళీ కదిలింది. ఈసారి చాలా నెమ్మదిగా.

"టీచరుగారూ, ఊరికే అడుగుతున్నా. వాడికన్నా మార్కులు ఎక్కువున్న పిల్ల ఎవరైనా ఈ లోపల వచ్చి చేరితే?"

"అప్పుడు సీటు ఆ పిల్లదే. అదేంటండీ అలా అడుగుతారు? మీ గుండీ వస్తానంటే నెత్తిన పెట్టుకోనూ!"

టైలరమ్మ కోటు మడత పెట్టింది. సంచీలో సర్దింది. వరండాలోకి వచ్చింది. ఆఫీసు కుడిపక్క, గేటు ఎడమపక్క. కాళ్ళు రెండింటి మధ్యా ఆగిపోయాయి.

పాతికేళ్ళ కిందట ఒక స్కూల్లో, ఇలాంటి వరండాలోనే, ఒక పిల్ల కొత్త పుస్తకాలు గుండెలకు హత్తుకుని జాగ్రఫీ గదిలోకి వెళ్ళింది. టీచరు హాజరు పిలిచారు. అందరి పేర్లూ వచ్చాయి, ఆ పిల్ల పేరు రాలేదు. "నీ పేరు ఇక్కడ లేదమ్మా, కుట్టుపని గదికి వెళ్ళు," అన్నారు. ముందు బెంచీలో కూర్చున్న ఆ పిల్ల లేచి, అందరూ చూస్తుండగా, ఆట స్థలం అటు చివర్న ఉన్న కుట్టుపని గదికి నడిచింది. నాన్నకు పని మీద నుంచి రావడానికి కుదరక, సబ్జెక్టు చెప్పి రమ్మని ఆఫీసుకు పంపింది అన్నయ్యని. ఏం చెప్పాలో గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది వాడికి. వాడు చెప్పి వచ్చింది ఇంకొకటి.

అన్నయ్య జాగ్రఫీలో తప్పుతూ ఉండేవాడు. చెల్లెలికి మార్కుల మీద మార్కులు. ఓర్వలేక కావాలనే చేశాడని ఆమెకు ఆ రోజే తెలుసు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు. తర్వాత ఆమె సూది పట్టుకుంది, వాడు ట్రావెల్స్ పెట్టాడు. తూర్పేదో పడమరేదో తెలియని మనిషి లోకానికంతా దారి చూపిస్తున్నాడు! లోకమంతా తిరగాలనుకున్న మనిషి మిషను చక్రం తిప్పుకుంటోంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కలిసినప్పుడు ఆమె నవ్వేది, వడ్డించేది, "బాగున్నావా అన్నయ్యా" అనేది. లోపల కుంపటి మాత్రం ఒక్కరోజు ఆరలేదు.

ఆమె కుడిపక్కకి తిరిగింది.

"రండమ్మా," అన్నాడు ఆఫీసు గుమాస్తా, తల ఎత్తకుండానే. "మీ అమ్మాయికి ఏం రాయమంటారు?"

ఒక్క క్షణం గుండీ గడ్డం తన భుజం మీద ఆనినట్టే అనిపించింది. భుజం విదిలించుకుంది.

"జాగ్రఫీ," అంది టైలరమ్మ.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట దాటేసింది.

* * *

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగాడు. మిషను చప్పుడుతో పాటు కూనిరాగం వినపడుతోంది.

"ఏంటి సంగతి? కోటు కుడుతున్నావా, కచేరీ చేస్తున్నావా?"

ఆమె మిషను ఆపకుండానే చెప్పింది. ఒక్కో మాటా బెల్లంముక్కలా చప్పరిస్తూ చెప్పింది. అన్నయ్య ఈపాటికి ఆఫీసు ముందు నిలబడి ఉంటాడు. సీటు లేదని గుమాస్తా చెప్పి ఉంటాడు. ఎవరు తీసుకున్నారని అన్నయ్య అడిగి ఉంటాడు. పేరు విని ఉంటాడు. "ఆ మొహం చూసే అదృష్టం లేకపోయింది నాకు," అంది ముగింపుగా.

ఆయన కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద కలపలేదు.

"అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుందే ఇది. వాడి కొడుకేం చేశాడు నీకు?"

"వాడి కొడుకు కావడమే చేశాడు."

"మరి గుండీ?"

"గుండీకేం? బంగారంలాంటి సబ్జెక్టు. రేపు నాకే దణ్ణం పెడుతుంది."

"లిఫ్టు తాడు తెగితే ఎవరు పై అంతస్తులో ఎక్కారు, ఎవరు కింద ఎక్కారు అని చూడదే. అందరూ ఒక్కచోటికే వస్తారు." ఆయన రెండు ముద్దలు తిని లేచిపోయాడు.

ఆమె మళ్ళీ మిషను తొక్కింది. ఈసారి రాగం రాలేదు. రాకపోతే పోయిందనుకుంది.

* * *

సాయంత్రం గుండీ వచ్చింది. చెప్పులు విడిచింది. పుస్తకాల సంచీ గోడకి ఆనించి, దాని పక్కనే నేల మీద కూర్చుంది. తల్లి మొహం వైపు చూడలేదు.

"కాసిని పాలు తాగు," అంది టైలరమ్మ.

గుండీ గ్లాసు అందుకోలేదు.

"జాగ్రఫీ టీచరు ఏమంది? సంతోషించింది కదూ?"

"మధ్యాహ్నం డ్రెస్ డిజైనింగ్ గదిలో కూర్చున్నానమ్మా," అంది గుండీ, నేలకి చెబుతున్నట్టు. "హాజరు పిలిచారు. నా పేరు రాలేదు. ఇక్కడ కాదమ్మా నీ క్లాసు, జాగ్రఫీ గదికి వెళ్ళు అన్నారు. అందరూ చూశారు."

టైలరమ్మ గ్లాసు కింద పెట్టింది. ఏదో అనబోయింది. ఇంతలో బయట స్కూటరు ఆగింది. తలుపు కొట్టడం, తోసుకుని రావడం ఒకేసారి జరిగాయి.

అన్నయ్య! వెనకే వాడి కొడుకు. పొడుగ్గా, సన్నగా, ఎవరో బలవంతంగా లాక్కొచ్చినట్టు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"చెల్లాయ్, ఏదో పొరపాటు జరిగింది," అన్నాడు అన్నయ్య, నవ్వు తెచ్చుకుంటూ. "గుండీ పేరు జాగ్రఫీలో రాసేశారట. దానికి కుట్టుపని ఇష్టమని మావాడు చెప్పాడు. రేపు మధ్యాహ్నం దాకా మార్చుకోవచ్చట. నువ్వొకసారి వచ్చి..."

"పొరపాటు కాదు అన్నయ్యా. నేనే చెప్పాను."

నవ్వు ఆగిపోయింది. "తెలిసే చెప్పావా? మావాడికి ఆ సీటు కావాలని తెలిసి?"

"తెలిసింది కాబట్టే చెప్పాను."

పాతికేళ్ళుగా ఈ క్షణం కోసమే ఆమె మాటలు పదును పెట్టుకుంది. స్నానాల గదిలో, మిషను ముందు, అన్నం వార్చేటప్పుడు. ఇప్పుడవి ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చాయి.

"ఏం, అంత బాధగా ఉందా? క్లాసులో చోటు లేదు పొమ్మంటే ఎలా ఉంటుందో ఇవాళ నీ కొడుకు మొహంలో చూశావా? నేను అద్దంలో రోజూ చూశాను. వాడికి కూడా కుట్టుపని నేర్పించు అన్నయ్యా. బాగుంటుంది. కావాలంటే నా దగ్గరికే పంపు, కాజాలు కుట్టడం దగ్గర్నుంచి మొదలుపెడతాను!"

"కుట్టుపనేంటి?" అన్నాడు అన్నయ్య. నిజంగానే అర్థం కానట్టు. "ఎప్పటి మాట ఇది?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది, కొట్టినా బాగుండేది. గుర్తు లేదట!

"నా బతుకు మార్చేసి వచ్చి, ఎప్పటి మాట అంటావా? జాగ్రఫీ అని చెప్పమంటే కుట్టుపని అని చెప్పి వచ్చావు. ఓర్వలేక! నాకన్నా తక్కువ మార్కులొచ్చాయన్న కుళ్ళుతో!"

వాడి మొహం ఒక్కసారి మారింది. గుర్తొచ్చినట్టుంది.

"నేను కుట్టుపని అని చెప్పలేదు."

"అబద్ధాలాడకు!"

"నువ్వు జాగ్రఫీ అనే మాటే అనలేదు చెల్లాయ్! గుమ్మం దగ్గర నిలబడి ఏమన్నావో గుర్తు తెచ్చుకో. 'అన్నయ్యా, కొలతల క్లాసు అని చెప్పు, మర్చిపోకు' అన్నావు. మనింట్లో ఎప్పుడైనా ఎవరైనా జాగ్రఫీ అన్నామా? తాడు పుచ్చుకుని ఆట స్థలం కొలిచామని నువ్వొచ్చి చెప్పినప్పట్నుంచీ అది మనకి కొలతల క్లాసే. నాన్నా అలాగే అనేవాడు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆఫీసులో అదే చెప్పాను. వాళ్ళకి కొలతలంటే టేపు, కత్తెర. రాసేసుకున్నారు."

టైలరమ్మ మెడలో వేలాడుతున్న టేపు కొస పట్టుకుని నిలబడింది.

కొలతల క్లాసు. అవును. ఆ మాట తనదే. తాడు కొస తను పట్టుకుంటే ఇంకో కొస స్నేహితురాలు పట్టుకునేది. ఇంటికొచ్చి నడవా కొలిచేది, వంటిల్లు కొలిచేది, నిద్రపోతున్న నాన్నని కూడా కొలిచేది. "మా కొలతల క్లాసులో ఇవాళ..." అని మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. ఇన్నేళ్ళూ కుంపటి కింద ఊదుతూ కూర్చుని, ఆ మాటనే బూడిదలో కప్పెట్టేసింది.

అయినా ఆమె అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. పగ పట్టుకున్న మనిషికి జ్ఞాపకం ఒక దారి మూసేస్తే ఇంకో దారి తెరుస్తుంది.

"సరే. ఆ రోజు పొరపాటే," అంది గొంతు తగ్గించి. ఆ తగ్గిన గొంతే ఎక్కువ భయం పుట్టించింది. "సాయంత్రం నేను ఏడుస్తూ ఇంటికొచ్చాను. అప్పుడు తెలిసింది కదా నీకు? మర్నాడు నాన్న నిన్ను మళ్ళీ పంపాడు, మార్పించుకు రమ్మని. వెళ్ళొచ్చి కుదరదన్నారని చెప్పావు. ఎవరన్నారు అన్నయ్యా? ఏ గుమాస్తా అన్నాడు?"

వాడు కొడుకు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. మేనకోడలు మొహం చూసి తల దించుకున్నాడు.

"వెళ్ళలేదు."

"ఏంటీ?"

"గేటు దాకా వెళ్ళాను. అక్కడ నీ స్నేహితురాళ్ళున్నారు. 'అడుగో పడమర వస్తున్నాడు' అని నవ్వారు. వెనక్కి తిరిగొచ్చేశాను."

పడమర! ఒకరోజు పొద్దున నిద్రకళ్ళతో ఉన్నవాణ్ణి సూర్యుడెక్కడ ఉదయిస్తాడని నాన్న అడిగితే, వాడు వంటింటి వైపు చెయ్యి చూపించాడు. అది పడమర. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. బళ్ళో చెప్పింది. వీధిలో చెప్పింది. ఆ పేరు వాడికన్నా ముందు ఊరంతా తిరిగొచ్చింది.

"ఒక్క పేరుకా?" అంది ఆమె. "ఒక్క వెక్కిరింపుకి నా చదువు తీసుకున్నావా?"

"నీకది ఒక్క పేరు!" వాడు కూడా అరిచాడు. "బోర్డు మీద ఎంత పెద్ద అక్షరాలు రాయించినా ఈ రోజుకీ నా దుకాణం పడమర ట్రావెల్సే. నా పెళ్ళిలో వెనకనుంచి ఎవడో 'పెళ్ళికొడుకుని తూర్పుకి తిప్పండ్రోయ్' అంటే మా మావగారు కూడా నవ్వారు. నువ్వు పెట్టావు, జనం వాడుకున్నారు. నేను మొయ్యాలి. నువ్వొక్కదానివే మోస్తున్నావనుకున్నావా?"

"అయితే ఇద్దరం సమానం అంటావా? నీది నవ్వులాట, నాది బతుకు!"

"నేను సమానం అన్నానా?"

"మరేమంటావు?"

"అమ్మా," అంది గుండీ.

గట్టిగా అనలేదు. కానీ ఇద్దరూ ఆగిపోయారు. పిల్ల లేచి నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. అదే ఎక్కువ కలవరపెట్టింది తల్లిని.

"మావయ్య పొరపాటున చెప్పాడు. మార్పించకపోవడం తప్పు. కానీ చెప్పడం మాత్రం పొరపాటు. మరి నువ్వో? పొద్దున్న నేను చెప్పిన మాట నీకు సరిగ్గానే వినపడింది. డ్రెస్ డిజైనింగ్ అన్నాను. ఒట్టు అన్నాను. అమ్మ మాట చాలదా అన్నావు."

"నీ మంచికే..."

"నా మంచికని చెప్పకమ్మా. ఇప్పుడే కదా మావయ్యతో చెప్పావు, ఎందుకు చేశావో."

టైలరమ్మ మిషను వైపు మొహం తిప్పుకుంది.

"ఆ మిషను నీకు శిక్ష. నాకు తెలీదు అది. నేను దాని కిందే పాకాను. దాని చప్పుడుకే నిద్రపోయాను. నువ్వు కత్తిరించిన ముక్కలతోనే ఆడుకున్నాను. చిన్న బట్టముక్క మనిషి ఒంటి మీద కూర్చుని ఎలా చొక్కా అవుతుందో చూస్తే నాకు ఇప్పటికీ ఇంద్రజాలంలా ఉంటుంది. ఈ ఇంట్లో నాకు ఇష్టమైనవన్నీ ఆ మిషను చుట్టూనే ఉన్నాయమ్మా. అదంతా నువ్వు పళ్ళ బిగువున అనుభవించిన శిక్షైతే..." పిల్ల మొదటిసారి తల్లి కళ్ళలోకి చూసింది. "అయితే అందులో నేను కూడా ఉన్నానా? నేనూ శిక్షేనా నీకు?"

టైలరమ్మ చెయ్యి గాల్లోకి లేచింది, పిల్లని పట్టుకోడానికి. గుండీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు, పాతికేళ్ళ కిందట ఆట స్థలానికి అడ్డంగా తను నడిచిన దూరం కన్నా పెద్దది.

గుమ్మంలోంచి మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, సీటు గుండీకే ఉంచండి, నాకేం ఫర్వాలేదు. దానికి నాకన్నా బాగా వచ్చు. కాకపోతే..." వాడు కొంచెం తటపటాయించాడు. "దానికి పటాలంటే విసుగు. పరీక్షలో గీసిన పటానికి కూడా చుట్టూ జరీ అంచు గీసింది. టీచరు మార్కులిచ్చారు గానీ చాలాసేపు చూశారు."

ఎవరూ నవ్వలేదు. అయినా ఆ మాటతో టైలరమ్మ లోపల బిగుసుకున్న ముడి ఏదో పుటుక్కున తెగింది. కుర్చీలో కూలబడిపోయి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఏ కొడుకుని దెబ్బ తీద్దామనుకుందో వాడు వచ్చి తన కూతురి తరఫున మాట్లాడుతున్నాడు. ఏ కూతుర్ని గెలిపించాననుకుందో అది తనకి దూరంగా నిలబడి ఉంది. సూది ఎవరి వైపు గురిపెట్టినా, అది వెళ్ళేది చేతికందిన గుడ్డలోంచే.

అన్నయ్య వెనక్కి తిరిగాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

* * *

మర్నాడు పొద్దున తల్లీ కూతుళ్ళు స్కూలుకి కలిసే నడిచారు. దారిలో లారీ వస్తే టైలరమ్మ అలవాటుగా పిల్ల చెయ్యి పట్టుకుంది. లారీ పోయాక వదలబోయింది. గుండీ వదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. అదే చాలనుకుంది తల్లి.

ఆఫీసు ముందు అన్నయ్య, కొడుకు అప్పటికే నిలబడి ఉన్నారు. అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు.

"మళ్ళీ ఏమైందమ్మా?" అన్నాడు గుమాస్తా. "నిన్ననే కదా రాసుకున్నాను?"

"నిన్న నేను చెప్పింది నా మాట. దాని మాట రాసుకోండి."

"సరే, ఏమిటో చెప్పండి."

"నన్ను కాదు. దాన్నడగండి."

గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పిల్లల్ని అడగడం మా ఆఫీసులో అలవాటు లేదండీ."

"ఇవాళ చేసుకోండి అలవాటు."

గుండీ బల్ల దగ్గరికి జరిగింది. తల్లి మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. టైలరమ్మ పెదవుల మీదికి ఇంకా ఆ మాటే వస్తోంది. జాగ్రఫీ. ఒక్క కనుసైగ చేస్తే పిల్ల ఆ మాటే అంటుందని కూడా ఆమెకు తెలుసు. బల్ల అంచు పట్టుకుని, దవడ బిగించి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. పాతికేళ్ళ పగ మోయడం కూడా ఇంత కష్టంగా లేదు.

"డ్రెస్ డిజైనింగ్," అంది గుండీ.

"ఖాయమేనా?"

"ఖాయమే."

గుమాస్తా రాసుకుని పక్కకి చూశాడు. "మరి మీ అబ్బాయికండీ?"

అన్నయ్య నోరు తెరిచాడు. చెల్లెలి చూపు తగిలింది. నోరు మూసుకుని కొడుకుని ముందుకి నెట్టాడు. "జాగ్రఫీ," అన్నాడు కుర్రాడు, ఆఫీసు మొత్తానికి వినపడేలా.

వరండాలోకి వచ్చాక పిల్లలిద్దరూ చెరో గది వైపు పరిగెత్తారు. కొంతదూరం వెళ్ళిన గుండీ ఆగి, వెనక్కొచ్చి, తల్లి భుజానికి గడ్డం ఒక్కసారి తాకించి మళ్ళీ పరిగెత్తింది. టైలరమ్మ చాలాసేపు ఆ భుజం కదపకుండా నిలబడింది.

పెద్దవాళ్ళిద్దరే మిగిలారు.

"నిన్ను క్షమించలేదు," అంది ఆమె, ఎదురుగా గోడకేసి చూస్తూ.

"తెలుసు."

"ఇప్పట్లో క్షమించను కూడా."

"సరే."

"ఆ పేరు పెట్టినందుకు నాకు సిగ్గుగానే ఉంది. అది వేరే సంగతి. రెండూ కలపకు."

"కలపను."

క్లాసు గంట మోగింది. అటు చివరి గదిలో హాజరు పిలవడం మొదలైంది. ఒక్కో పేరూ, ఒక్కో జవాబూ. అన్నయ్య కదల్లేదు. చేతులు కట్టుకుని చెల్లెలి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. కళ్ళు మాత్రం, బడికి పోతూ గుమ్మం దగ్గర చెల్లెలు చెప్పేది విన్న ఆ కుర్రాడివే.

"చెల్లాయ్, ఆ రోజు ఆఫీసులో ఎవరూ నిన్నడగలేదు. నేనైనా ఇంకోసారి అడిగి వెళ్ళాల్సింది." వాడు ఒక అడుగు దగ్గరికి వేశాడు. "నీకే సబ్జెక్టు కావాలి?"

ఆమె నవ్వబోయింది. ఇప్పుడా, ఈ వయసులోనా అని వెక్కిరించబోయింది. పదును పెట్టుకున్న మాటలు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. వాటిలో ఒక్కటీ రాలేదు. గొంతులో ఎన్నాళ్ళనుంచో అడ్డంపడి ఉన్నది ఒక్కటే మాట. దాన్ని చెప్పమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"జాగ్రఫీ," అంది.

"ఏంటి?"

"జాగ్రఫీ అన్నయ్యా," అంది టైలరమ్మ, ఈసారి గట్టిగా. కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు.